సాక్సోఫోన్‌కు శిగమొచ్చిన ఆదివారం

జాజ్ సంగీతం మీద ప్రేమతో ఆ హాల్లోకి అడుగుపెట్టానని చెప్పుకుంటే బాగుంటుంది కానీ, నిజానికి నేను వెళ్లింది ఏసీ కోసం. అప్పుడు ఎమ్మెస్సీ చదువుతూ హైదరాబాద్‌లో లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. మే నెల. మా గదిలో ఫ్యాను గాలికన్నా చప్పుడే ఎక్కువ ఇచ్చేది. బంజారాహిల్స్‌లో విదేశీ భాషలు నేర్పే చోట ఏదో కచేరీ ఉందని, టికెట్ లేదని, హాలు చల్లగా ఉంటుందని రూమ్మేట్ చెప్పింది. ఆ చివరి మాట విని బయలుదేరాను. మొదటి పాట సగంలోనే రూమ్మేట్ నిద్రపోయింది. నాకు మాత్రం ఆ రోజు పట్టిన పిచ్చి ఇంకా వదల్లేదు.

ఎందుకు నచ్చిందో అప్పుడు చెప్పలేకపోయాను. గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో చేరాక తెలిసింది. మా దగ్గర ప్రతి పనికీ రాసిపెట్టిన పద్ధతి ఉంటుంది. ఎంత పోయాలి, ఎంతసేపు కలపాలి, ఎవరు సంతకం పెట్టాలి, అన్నీ ముందే నిర్ణయమైపోయి ఉంటాయి. ఒక్క చుక్క అటూ ఇటూ అయితే పెద్దసారు ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. జాజ్‌లో వాళ్లు కాసేపు పాటను బుద్ధిగా వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరే దాన్ని విడిచి ఎటో వెళ్లిపోతారు. సంజాయిషీ అడగకపోగా జనం చప్పట్లు కొడతారు. ఎంత దూరం తిరిగినా చివరికి అందరూ కలిసి ఇల్లు చేరతారు. వారమంతా కొలతల మధ్య బతికే నాకు, నెలకో ఆదివారం అది వింటే ప్రాణం లేచొచ్చేది.

పెళ్లయ్యాక పటాన్‌చెరులో కాపురం పెట్టాం. అత్తవారిది జిన్నారం పక్క ఊరు, భూమి ఉన్న కుటుంబం. మా ఆయన ఇంకో ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర షిఫ్టు ఇన్‌ఛార్జి. మంచివాడే. మొదట్లో నాతో కచేరీలకు వచ్చాడు కూడా. ఒకసారి ఆఫ్రికా నుంచి వచ్చిన పెద్దాయన సొరకాయ బుర్రకు తీగలు కట్టిన వాద్యాన్ని ఎంతో మెల్లగా వాయిస్తున్నాడు. హాలంతా ఊపిరి బిగబట్టి వింటుంటే మా ఆయన గురక మొదలుపెట్టాడు. ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. నేను పక్క సీటామెను చూశాను, ఆ గురక ఆమెదేనన్నట్టు. ఆ తర్వాత ఆయన ఇక రానన్నాడు. అక్కడిదాకా నాకూ సంతోషమే. నేను ఒక్కదాన్నే వెళ్లడం కూడా వద్దనేసరికి ఒళ్లు మండింది.

"గంత దూరం ఒక్కదానివే పోయొస్తుంటె నలుగురు ఏమనుకుంటరు?" అన్నాడు.

"ఫ్యాక్టరీకి రోజు ఒక్కదాన్నే పోతలేనా? అప్పుడు గా నలుగురు ఏడ వోయిండ్రు?"

"అది నౌకరీ. ఇది షోకు."

షోకు అనే ఆ ఒక్క మాటకు మేం ఎన్ని ఆదివారాలు పోట్లాడుకున్నామో! నేను నోరు తెరవగానే ఆయన అడ్డం వచ్చేవాడు. ఆయన మొదలుపెట్టగానే నేను లేచి వంటింట్లోకి వెళ్లేదాన్ని. కోపమంతా కూరలో కారమై తేలేది. కచేరీలు మాత్రం బందయ్యాయి. ఫలానా రోజు ఫలానా బృందం వస్తోందని ఫోన్‌లో చూసి, ఫోన్ బోర్లా పెట్టేసేదాన్ని. ఇక ఇంతేనేమో అనుకుంటే ఏడుపొచ్చేది.

అత్త లేని కోడలు ఉత్తమురాలు అంటారు. మా అత్తమ్మ ఊళ్లో ఉన్నన్నాళ్లూ నేనూ ఉత్తమురాలినే. మోకాళ్ల నొప్పులకు డాక్టర్‌కు చూపించుకుందామని ఆమె వచ్చి మా దగ్గర ఉన్నప్పుడు ఈ లొల్లి ఆమె చెవిన పడింది. రెండు రోజులు ఊరుకుంది. మూడో రోజు అన్నం ముందు కూర్చుని తీర్పు చెప్పింది.

"ఈసారి నేను పోత దానెంబడి. ఆడ ఏం జరుగుతదో నా కండ్లతోని సూసొస్త. మంచిగుంటె ఇగ పోనియ్యి. లేకుంటె బందు. మళ్ల ఈ ఇంట్ల ఈ ముచ్చట రావద్దు."

మా ఆయన సంతోషంగా తలూపాడు. తల్లి సంగతి ఆయనకు తెలుసు. గుడి మైకు గట్టిగా పెడితేనే తల పట్టుకునే మనిషి. ఆమె బాగాలేదంటే ఇక జన్మలో నాకు కచేరీ లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం బయలుదేరాం. ఇంట్లోంచి ఎవరు బయటికి వెళ్లినా, ఆఖరికి కూరగాయలకు వెళ్లినా, "ఆధార్ కార్డు పెట్టుకున్నవా?" అని అడగడం మా ఆయనకు అలవాటు. బస్సు ఆడవాళ్లకు ఉచితమైనప్పటి నుంచి ఈ జాగ్రత్త మరీ ముదిరింది. ఆ రోజు మాత్రం గుమ్మంలో నిలబడి కూడా ఏమీ అనలేదు. అత్తమ్మే గుర్తుపెట్టుకుని కార్డు తీసింది. మియాపూర్‌దాకా దాన్ని కండక్టర్‌కు చూపిస్తూనే ఉంది. అతను జీరో టికెట్ కొట్టి ఇచ్చినా నమ్మకం కలగలేదు. ఆమె సంచిలో నీళ్ల సీసా, పేపర్లో చుట్టిన సర్వపిండి కారం రొట్టె, ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానీ మాత గుడి నుంచి తెచ్చిన నిమ్మకాయ ఉన్నాయి. నిమ్మకాయ బస్సులో వాంతి రాకుండా వాసన చూడడానికి. మియాపూర్‌లో మెట్రో, అమీర్‌పేటలో ఆటో. దారి పొడుగునా ఆమె నిమ్మకాయ వాసన చూస్తూ, నేను ఆమె ముఖం చూస్తూ వెళ్లాం.

హాల్లో మొదటి వరుసలోనే కూర్చుందామంది. "ఎనుక గూసుంటె నాకేం గనవడ్తది?" అంది. వేదిక జానెడు ఎత్తు చెక్కబల్ల, అంతే. యూరప్ నుంచి వచ్చిన నలుగురు. పియానో, డ్రమ్స్, సాక్సోఫోన్, మనిషంత ఎత్తున్న పెద్ద బేస్. అత్తమ్మ బేస్ వాయించే అతన్ని చూసి, "గంత పెద్దదాన్ని నిద్రవోయిన పిల్లగాన్ని పట్టుకున్నట్టు పట్టుకున్నడు" అంది. డ్రమ్స్ అతను తీగల కుంచెలతో డ్రమ్ము మీద మెల్లగా రాస్తుంటే, "సాటల బియ్యం చెరుగుతున్నట్టుంది" అంది. ఇవి మెచ్చుకోళ్లో తిట్లో నాకు అంతుపట్టలేదు.

పియానో అతను తన వంతు వాయించి ఆపగానే అందరూ చప్పట్లు కొట్టారు.

"అయిపాయెనా?" అంది, సంచి సర్దుకుంటూ.

"అయిపోలేదత్తమ్మా. ఆయన వంతు అయింది. ఇప్పుడు ఇంకొకాయన వంతు."

"అయిపోకముందే చప్పట్లేంది?"

"వంతు వంతుకు కొడ్తరు."

ఆమె ఏదో ఆలోచనలో పడింది. బేస్ అతని వంతు వచ్చింది. మిగిలిన ముగ్గురూ బాగా తగ్గారు. డ్రమ్స్ అతను అరచేయి కిందికి చూపిస్తూ ఇంకా తగ్గమని పియానో అతనికి సైగ చేశాడు. అత్తమ్మ ఆ చేతినే చూస్తూ కూర్చుంది.

తర్వాత సాక్సోఫోన్. ఎర్రటి మనిషి, తెల్లబడుతున్న గడ్డం. మెల్లగా మొదలుపెట్టాడు. నేను కళ్లు మూసుకున్నాను. ఎన్నాళ్ల తర్వాతో! పక్కన అత్తమ్మ ఉందని, తీర్పు ఉందని అన్నీ మరిచిపోయాను. పాట ముదిరింది. కళ్లు తెరిచేసరికి అతను మోకాళ్లు వంచి ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. కళ్లు మూతలు పడ్డాయి, మెడ నరాలు ఉబ్బాయి, నుదుటి నుంచి చెమట కారుతోంది. అత్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"శిగమొచ్చింది!" అంది.

పూనకాన్ని మా వైపు శిగం అంటారు. బోనాలప్పుడు ఆడవాళ్లు శిగమూగుతుంటే ఎవరో పెద్దమనిషి ఎదురుగా నిలబడి ఎవరు నువ్వు, ఏం కావాలి అని అడగాలి. జవాబు విని, నీళ్లూ నిమ్మకాయా ఇచ్చి చల్లబరచాలి. అడిగే దిక్కు లేకుండా వదిలేయడం పాపమని అత్తమ్మ నమ్మకం. హాలు నిండా ఇంతమంది కూర్చుని ఒక్కరూ లేవకపోవడం ఆమెకు ఘోరంగా తోచింది.

నేను కొంగు పట్టుకునేలోపే లేచింది. నేత చీర, చేతిలో సీసా, ఇంకో చేతిలో నిమ్మకాయ. మోకాళ్ల నొప్పులు ఎటు పోయాయో తెలియదు. వేదిక ముందు నిలబడి, అతను ఊపిరి కోసం ఒక్క క్షణం ఆగగానే చేతులు జోడించి, హాలంతా వినబడేలా అడిగింది.

"ఎవరు తల్లీ నువ్వు? ఏం తక్కువైంది? చెప్పు!"

నాకు తల కొట్టేసినట్టయింది. అతను కళ్లు తెరిచాడు. పియానో ఆగిపోయింది. డ్రమ్స్ అతను మాత్రం కుంచెలు ఆపలేదు. సాక్సోఫోన్ అతను ఆమెనూ నిమ్మకాయనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత ఆమె వైపు కాస్త వంగి, లోగొంతుతో నాలుగు ముక్కలు వాయించాడు. అత్తమ్మ తలూపింది. ఇంకా చెప్పమన్నట్టు చెయ్యి ఆడించింది. అతను ఇంకాస్త వాయించాడు, ఇంకాస్త మెల్లగా. "ఇగ సల్లవడు తల్లీ" అని నిమ్మకాయ అతని కాళ్ల దగ్గర పెట్టి, సీసా మూత తీసి నీళ్లు పోయబోయింది. కింద అన్నీ కరెంటు వైర్లు! నిర్వాహకురాలు అటు నుంచి, నేను ఇటు నుంచి ఉరికాం. సీసా నాకే దొరికింది. అత్తమ్మ మాత్రం తొణక్కుండా వచ్చి సీట్లో కూర్చుని, "సల్లవడ్డది" అంది. హాలంతా చప్పట్లు మోగాయి. అవి అతనికో ఈమెకో నాకు ఇప్పటికీ తెలియదు.

కచేరీ అయ్యాక పారిపోదామని చూశాను. అతనే మా దగ్గరికి వచ్చి, మీ అమ్మగారు ఏమన్నారని ఇంగ్లిష్‌లో అడిగాడు. నువ్వెవరు, నీకేం తక్కువైందని అడిగిందని చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. కాసేపు ఆలోచించాడు. ఊళ్లు తిరగబట్టి చాలా రోజులైంది, ఇంటి తిండి తక్కువైంది అన్నాడు.

"ఏమంటున్నడు?" అని అత్తమ్మ నన్ను పొడిచింది. చెప్పాను. వెంటనే సంచిలోంచి సర్వపిండి తీసి అతని చేతిలో పెట్టి, తినేదాకా ఎదురుగా నిలబడింది. కారానికి అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా మొత్తం తిన్నాడు.

తిరుగు ప్రయాణంలో మెట్రో దిగి మియాపూర్‌లో బస్సెక్కాం. ఎట్లా ఉందని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. బీహెచ్ఈఎల్ దాటాక తనే మొదలుపెట్టింది.

"నాకు గూడ శిగమొస్తుండె, నీకెరుకనా?"

"తెల్వదత్తమ్మా."

"పెండ్లైన కొత్తల, బోనాలప్పుడు. మీ మామ, వాళ్లన్నలు అందరు చేతులు గట్టుకొని నిలవడుతుండిరి. చెప్పు తల్లీ, చెప్పు తల్లీ అని. తెల్లారితె మళ్ల కూరల ఉప్పెక్కువైందని తిట్టెటోళ్లే." సంచి ఒళ్లోకి జరుపుకుంది. "ఒక యేడు చెప్పిన. పిల్లగాన్ని పొలానికి తోలొద్దు, పటాన్‌చెరు బడికి తోలుండ్రి అని. అంతకుముందు పొయ్యికాడ ఎన్నిసార్లు మొత్తుకున్ననో! ఎవ్వడిన్నడు? అమ్మోరు చెప్పిందనంగనే బడిల ఏసిండ్రు."

ఆ పిల్లవాడే మా ఆయన.

"చెప్పింది అమ్మోరా, నువ్వా?" అని అడిగాను.

"నాకేమెరుక బిడ్డా. నోరైతె నాదే."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ అంది. "ఆడ శిగం రానోనికి గూడ వంతిచ్చిండ్రు. గా పెద్దదాన్ని పట్టుకున్నాయన సల్లగ వాయించుకుంటుంటె ఒక్కడన్న అడ్డమొచ్చిండా?" ఇన్నేళ్లలో ఆమె మీద నాకు అంత ప్రేమ ఎన్నడూ కలగలేదు. తీర్పు మాత్రం చెప్పనే లేదు.

మర్నాడు పొద్దున మా ఆయన నైట్ షిఫ్టు దిగి వచ్చాడు. ముగ్గురం చాయ్ గ్లాసులతో కూర్చున్నాం.

"ఎట్లుందమ్మా? బందేనా ఇగ?" అన్నాడు. ఆమె నోరు తెరిచేలోపే అందుకున్నాడు. "నేను ముందే చెప్పిన. గంత దూరం పోవుడు, నలుగురు..."

అత్తమ్మ చెయ్యి లేపి, అరచేయి కిందికి చేసి మెల్లగా దించింది. అచ్చం ఆ డ్రమ్స్ అతనిలాగే.

"నువ్వు జెర తగ్గు. ఇది దాని వంతు."

ఆయన ఆగిపోయాడు. ఇద్దరూ నా వైపు చూశారు. అన్ని ఆదివారాలు పోట్లాడిన నాకు, తీరా వినేవాళ్లు దొరికేసరికి మాట రాలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. చివరికి చెప్పాను. ల్యాబ్‌లో రోజంతా ఎట్లా ఉంటుందో, ఆ హాల్లో కూర్చుంటే నాకు ఏమవుతుందో, ఫోన్ బోర్లా పెట్టి ఎన్నిసార్లు ఏడ్చానో. షోకే అయితే అది నా షోకు అన్నాను. నెలకొకసారి పోత, ఒక్కదాన్నైనా పోత అన్నాను.

చెప్పడం అయిపోయింది. అత్తమ్మ గ్లాసు కింద పెట్టి చప్పట్లు కొట్టింది.

మా ఆయన బిత్తరపోయాడు. "అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోలేదు. దాని వంతు అయింది. ఇగ నీది చెప్పు."

ఆయన చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. మేమిద్దరం అడ్డం రాలేదు. చాయ్ చల్లారిపోయాక తలెత్తి, "పోయేటప్పుడు ఆధార్ కార్డులు మర్చిపోకుండ్రి" అన్నాడు.