పిల్లికి వేపపుల్ల

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఏం చెడినా నేరం నీళ్లదే. మర్రిగూడ దగ్గర మా ఊరు. బావి నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని అందరికీ తెలుసు. మా అవ్వ పళ్లు ఇటుక రంగు, నడుము వంగిపోయింది. నా పళ్ల మీదా మచ్చలే. అది నిజంగా నీళ్ల పాపమే, కాదనను. కానీ కోడి గుడ్డు పెట్టకపోయినా నీళ్లే, పిల్లవాడు పరీక్ష తప్పినా నీళ్లే అంటే ఒళ్లు మండదా? నాకు మండేది. ఇప్పటికీ మండుతుంది.

మా ఇంట్లో ఒక బూడిదరంగు పిల్లి ఉండేది. గుమ్మిలో పోసిన కందులను ఎలుకల నుంచి కాపాడేది అదే; వాటిని చంపి పడేసేదే గానీ తినేది కాదు. దానికి నేనంటే ప్రాణమని చెప్పను, నాకు మాత్రం అదంటే ప్రాణం. ఒక ఎండాకాలం దాని నోరు కంపు కొట్టడం మొదలైంది. గిన్నె దగ్గరికి ఆశగా ఉరికొచ్చేది, ఒక ముద్ద నోట పెట్టగానే మూలుగుతూ వెనక్కి పోయేది. చొంగ కార్చుకుంటూ ముందుకాలితో దవడ గీరుకునేది.

"నీళ్లకు పండ్లు గుల్లయినయ్ బిడ్డా, మెత్తగ పెట్టాలె" అంది అమ్మ. ఈ నీళ్లు తాగే పిల్లికి పళ్లలో బలం ఉండదని, అప్పటికే ఏడాదిగా దానికి మజ్జిగలో పిసికిన జొన్న గటక తప్ప ఏమీ పెట్టడం లేదు. ఇప్పుడు ఇంకా మెత్తగా పిసికింది. పిల్లి ఇంకా చిక్కిపోయింది. ఎలుకలు గుమ్మి కింద బొక్క చేశాయి. దాంతో బాపుకు కోపం వచ్చింది. సంత రోజు దాన్ని సంచిలో వేసుకుపోయి చిట్యాల రోడ్డు మీద విడిచిపెడతానన్నాడు. ఏడ్చాను, అలిగాను, అన్నం మానేశాను. ఎవరికైనా పడితే కదా! నీళ్ల మీద నింద వేశాక ఇక ఆలోచించే పనే లేదాయె.

మర్నాడు పొద్దున మా అవ్వ నా చేతిలోని వేపపుల్ల లాక్కుంది. పళ్లు తోమొద్దంది. రొట్టె లేదు, మక్కలు లేవు, గంజిలాంటి గటకే పోసింది. పిల్లి కోసం నేను మొత్తుకుంటుంటే ఈమె నా నోటి మీద పడిందేమిటని తెగ ఉడికిపోయాను. కొన్ని పూటలు గడిచేసరికి పళ్ల మీద జిగట పేరుకుంది, నా నోటి కంపు నాకే తెలిసింది. "నన్ను సంపుతవా ఏంది అవ్వా!" అని అరిచాను.

అవ్వ నవ్వింది. "నీకు గీ మాత్రానికే గిట్లయితాంది. దానికి ఏడాదాయె. దానికి పుల్ల ఎవలిచ్చిండ్రే? నములుడే దాని పుల్ల" అంది.

తర్వాత నన్ను పక్కింటికి తీసుకుపోయింది. పక్కింటి మామ ఆదివారాలు యాటను కోసేవాడు. వాళ్ల పిల్లి పచ్చి మాంసపు పొర ఒకటి పట్టుకుని, తల పక్కకు వంచి, లోపలి పళ్లతో కసకసా తెంపుతోంది. అవ్వ దాని పెదవి ఎత్తి చూపించింది. తెల్లటి పళ్లు, గులాబీ రంగు చిగుళ్లు. వాళ్లదీ మాదీ ఒకే బావి! ఇన్నాళ్లూ నా ముందు నీళ్ల కథ చెప్పిన ప్రతి ఒక్కరి మీదా కోపం ముంచుకొచ్చింది.

ఇంటికొచ్చి మా పిల్లిని బాపు తువ్వాలలో చుట్టి పట్టుకున్నాను. అవ్వ నోరు తెరిచింది. వెనక పళ్ల మీద పసుపు గార మందంగా పట్టింది, చిగుళ్లు ఎర్రగా వాచాయి, ఒక పన్ను ఊగుతోంది. అవ్వ గుడ్డతో పట్టి దాన్ని లాగేసింది. నా చేయంతా రక్కులే. బాపు నిలబడి చూశాడు. సంత రోజు కూడా సంచి గోడకే వేలాడింది.

పన్ను పోయాక అది కొద్దికొద్దిగా తిన్నది, కానీ పూర్తిగా కోలుకోలేదు. ఒకసారి గార గడ్డకట్టాక నమిలినా పోదట. ఆ సంగతి ఏడాది ముందే తెలిస్తే ఎంత బాగుండేది! దాని పిల్లలకు మాత్రం చిన్నప్పటి నుంచే పచ్చి పొరలు వేశాం. అవి ఎలుకల్ని బాగా పట్టాయి.

ఇప్పుడు ఇంటింటికీ నల్లాల్లో మంచినీళ్లొస్తున్నాయి. ఐనా బుద్ధి మారిందా? మొన్న నకిరేకల్‌లో మా కొడుకింటికి పోతే, మనవరాలు పెంచే పిల్లి గిన్నె ముందు కూర్చుని మూలుగుతోంది. పెట్టేది పొట్లాల్లో వచ్చే మెత్తటి పులుసు. ఏమైందిరా అంటే మా కొడుకు, "ఎన్నడో బోరు నీళ్లు తాగినట్టున్నదమ్మా" అన్నాడు. నా ఒళ్లు భగ్గుమంది. తువ్వాల తెమ్మన్నాను. వాడు భయపడ్డాడు.

"కరుస్తదమ్మా!"

"కరవనీ" అన్నాను. నోరు తెరిచి చూస్తే అదే పసుపు గార. ఆ సాయంత్రమే దాన్ని పశువుల దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు మత్తిచ్చి గారంతా గీకేశాడు, రెండు పళ్లు తీసేశాడు.

అవ్వ పోయి ఎన్నేళ్లయిందో. ఎవరైనా ఏదైనా బాధను నీళ్ల మీదికి నెట్టేసి చేతులు దులుపుకుంటే, నా చేయి ఇప్పటికీ తువ్వాల కోసం వెతుకుతుంది. ముందు ఆ నోరు తెరిచి చూడండి.