దెబ్బల క్లాసు

ఇస్త్రీ అక్క కొడుకు పుట్టినప్పుడు అందరూ బుజ్జి అన్నారు. ఇప్పుడు వాడికి ముప్పై నిండాయి, గుమ్మం దాటాలంటే తల వంచాలి, అయినా బుజ్జే. బుద్ధి మూడేళ్ళ దగ్గర ఆగిపోయింది. వచ్చిన నాలుగు మాటలూ కోపంలో మర్చిపోతాడు. అప్పుడిక చేతులే లేస్తాయి.

ఒకసారి తల్లి జుట్టు పట్టుకుని ఇస్త్రీ బల్లకేసి కొట్టాడు. ఇంకోసారి తన్నిన తన్నుకి పక్కటెముక బీటలు వారింది. మెట్ల మీద జారిపడ్డానని డాక్టరుకి చెప్పింది అక్క. ఆవిడది మెట్లే లేని ఇల్లు.

ఇంత గుట్టు ఎందుకంటే, ఆ ఇల్లు ఆవిడ అన్నయ్యది. "ఇంకొక్కసారి నీ ఒంటి మీద దెబ్బ చూశానంటే వాణ్ణి హోమ్‌లో పడేస్తాను," అని ఖరాఖండిగా చెప్పాడు. ఆ హోమ్ అక్క చూసింది. గడ్డాలు నెరిసిన పిల్లల్ని మంచాలకి కట్టేసి ఉంచారు. అందుకే పొగలు కక్కే ఇస్త్రీపెట్టె ముందు కూడా పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని, పంటి బిగువున పని చేసుకునేది.

ఆదివారాలు ఇలాంటి బిడ్డలున్న తల్లిదండ్రులంతా ఒక కరాటే బడిలో కలుస్తారు. ఓదార్పులు, నిట్టూర్పులు అక్కడ నడవవు. ఒకరు తమ బిడ్డలా మారి కొట్టాలి, ఎదుటివాళ్ళు తప్పించుకోవడం నేర్చుకోవాలి. జుట్టు పట్టుకుంటే వెనక్కి లాక్కోకూడదు, ఆ పిడికిలిని మన తలకే అదిమి పట్టాలి. కరిస్తే చెయ్యి గుంజుకోకూడదు, నోట్లోకే నెట్టాలి. నేర్పేది డ్రైవర్ మావయ్య, బస్సు తోలి రిటైరైనవాడు, ఆయనకీ అలాంటి కూతురే. "ఉత్తుత్తి దెబ్బలు కొడితే ఉత్తుత్తి చదువే వస్తుంది," అని కసురుతాడు.

అక్క వంతు వస్తే మావయ్య మణికట్టు మెల్లగా పట్టుకుని వదిలేసేది. "మావాడు వెన్నముద్ద మావయ్యా," అనేది.

ఆ ఆదివారం పంతులమ్మ, ఆవిడకీ అలాంటి కొడుకే, నవ్వుతూ అంది. "నీకేం అక్కా, అదృష్టవంతురాలివి."

ఆ మాటకి అక్క ఒళ్ళు భగ్గుమంది. ఎదురుగా నిలబడ్డ మావయ్య జుట్టు ఒడిసి పట్టుకుని తలను కిందికి గుంజింది. మోకాలితో డొక్కలో పొడిచింది. ఆయన తలెత్తగానే నుదురుతో మూతి మీద కొట్టింది. పన్ను విరిగింది. భుజం కరిచి పట్టుకుని గుద్దులు గుద్దుతూనే ఉంది, గుద్దుతూ ఏడుస్తూనే ఉంది. ఇన్నేళ్ళుగా తిన్నవన్నీ ఆ కరాటే పరుపు మీద కక్కేసింది.

మావయ్య నెత్తురు ఉమ్మి, ఆవిడ చేతులు పట్టుకున్నాడు. "ఇవి ఊహించి కొట్టే దెబ్బలు కావమ్మా. నువ్వు తిన్నవి."

"అన్నయ్యకి తెలిస్తే వాణ్ణి తీసుకుపోతాడు మావయ్యా."

"నీ ఒంటి మీద ఉంటేనే కదా ఆయన చూసేది. ఇకనుంచి మేం కూడా తింటాం. మొదలవగానే ఫోన్ చెయ్యి."

ఆ వారంలోనే మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగేసరికి బుజ్జి కుర్చీ ఎత్తి గోడకేసి కొట్టాడు. అక్క ఫోన్ చేసింది. మావయ్య, పంతులమ్మ వచ్చేసరికి వాడు తల్లిని గోడకి నొక్కి పట్టాడు. మావయ్య మధ్యలో దూరాడు. బుజ్జి ఆయన్ని నేలకేసి కొట్టి ముంజెయ్యి కొరికాడు. పళ్ళు ఎముక దాకా దిగినా ఆయన చెయ్యి గుంజుకోలేదు, వాడి నోట్లోకే నెట్టాడు. పంతులమ్మ వెనకనుంచి మంచం మీది పరుపు అడ్డంపెట్టి వాడి కాళ్ళు అదిమింది. ఎంతసేపటికో దవడ వదులైంది. బుజ్జి మూలకి పాకి, వణికిపోతూ "అమ్మ, అమ్మ" అన్నాడు. అక్క పోయి వాడి తల ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి నిద్రపోయాడు.

పక్కింటివాళ్ళు చెప్పారేమో, అన్నయ్య ఊడిపడ్డాడు. చెల్లెల్ని ఎగాదిగా చూశాడు. కొత్త దెబ్బ కనపడలేదు. మావయ్య చేతికి చుట్టిన తువ్వాలు మాత్రం ఎర్రగా తడిసి ఉంది.

"ఎవరు చేశారిది?"

"మా అమ్మాయండీ," అన్నాడు మావయ్య తడుముకోకుండా. "దానికీ బుద్ధి ఎదగలేదు. కట్టు కట్టించుకోవడానికి పోతూ ఇటు వచ్చాను."

అన్నయ్య నమ్మినట్టే ఉన్నాడు. "మీకు ఒక హోమ్ అడ్రసు ఇస్తాను," అని జాలిగా చెప్పి వెళ్ళిపోయాడు.

అక్కకి కళ్ళనీళ్ళు ఆగలేదు. "నాకోసం నోరులేని పిల్ల మీద నింద వేశారు మావయ్యా. ఈగకి కూడా హాని చెయ్యదు అంటారుగా మీరు."

ఆయన మంచి చేత్తో చొక్కా పై గుండీ విప్పాడు. మెడ చుట్టూ అయిదు వేళ్ళ గుర్తులూ నల్లగా కమిలి ఉన్నాయి.

"చేతి మీదిది దాని పని కాదు. ఇది దానిదే," అన్నాడు. నేర్పే గొంతు కాదది, బెదిరిపోయిన గొంతు. "సాయంత్రం పగటిపూట ఉండే సెంటర్ నుంచి వస్తుంది. నాకు ఒక్కడికే ఇంటికి వెళ్ళాలంటే భయంగా ఉందమ్మా."

అక్క కొడుకు తలని పంతులమ్మ ఒళ్ళోకి మార్చి, చెవులకున్న దుద్దులు తీసేసి, జుట్టు బిగించి ముడి వేసుకుంది. "పదండి మావయ్యా," అంది.