బేతంచెర్లలో నిలుచునే ప్రార్థన

"మా ఆయన ప్రార్థన మానేసినాడన్నా. నువ్వొకసారి వచ్చి చెప్పు" అని మా చెల్లెలు మిర్యాము మంగళవారం ఫోన్ చేసింది. గురువారం ఉదయం గుంటూరులో డోన్ వెళ్లే ప్యాసింజర్ ఎక్కాను. శుక్రవారం పొద్దుగుంకితే మాకు విశ్రాంతి దినం మొదలవుతుంది, ఇక ప్రయాణం చెయ్యం. దారిలో బండి ఆలస్యమైనా ఒక రోజు చేతిలో ఉండాలనుకున్నాను.

మేము తెలుగు యూదులం. గుంటూరు దగ్గర పల్లెలో మాకో చిన్న ప్రార్థనా మందిరం ఉంది. అక్కడ పిల్లలకు హీబ్రూ ప్రార్థనలు నేర్పేది నేనే. మిర్యాము భర్త ఏలియా మా ఊరివాడే, నా దగ్గర నేర్చుకున్నవాడే. చాలా ఏళ్ల కిందట పనికోసం బేతంచెర్ల వెళ్లి, నాపరాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో కుదిరాడు. ఇప్పుడు వాళ్లిద్దరి మాటా సీమ మాటే. మొన్న వేసవిలో లారీకెత్తుతున్న రాళ్ల దొంతర జారి అతని ఎడమకాలి మీద పడింది. కర్నూలు ఆసుపత్రిలో మోకాలి పైదాకా తీసేశారు. అక్కడ మంచం మీద కూడా షెమా, అంటే దేవుడొక్కడే అనే మా ప్రార్థన, చెప్పుకున్న మనిషి, ఇంటికొచ్చాక ప్రార్థనకు నోరు విప్పలేదట.

ఈ దారిన వచ్చేవాళ్లు మంచినీళ్లు, తిండి ఇంటినుంచే తెచ్చుకోవడం మంచిది. నేను పులిహోర కట్టించుకున్నాను, మార్కాపురం దగ్గరే అయిపోయింది. గిద్దలూరు దాటాక మాత్రం ఆకలి సంగతి మరిచిపోతాం. రెండువైపులా నల్లమల లేచి నిలబడుతుంది. బండి వంతెనల మీద, కొండ కోతల్లో మెల్లగా పాకి సొరంగంలోకి దూరింది. చీకట్లో నా చేయి నాకే కనిపించలేదు. అవతల ఒక్కసారిగా ఎండ, ఎర్రమట్టి, దూరంగా చేలు. సృష్టి మొదటి రోజు వెలుగు ఇలాగే వచ్చి ఉంటుందని నోరు దానంతటదే స్తోత్రం చెప్పింది.

ఎదుటి సీట్లో మహానంది వెళ్లే పెద్దావిడ నా తలమీది చిన్న టోపీని చాలాసేపటినుంచి చూస్తోంది.

"ఏమప్పా, నువ్వు సాయిబువా?"

"కాదమ్మా, యూదుణ్ణి."

"మీ దేవుడు యాడ ఉంటాడు?"

"అన్నిచోట్లా ఉంటాడమ్మా."

"అట్లయితే ఈ బండిలో కూడా ఉండాడు. రవంత జరుగు. ఆయనకు గాదు, నాకు. కాలు చాపుకోవల్ల."

జరిగాను. ఆమె కాలు చాపుకుని, గాజులపల్లెలో దిగేదాకా కునుకు తీసింది.

బేతంచెర్ల చేరేసరికి సాయంత్రమైంది. ఏలియాతో కలిసి పనిచేసే మస్తాన్ నన్ను తీసుకెళ్లడానికి మోటారు సైకిలు మీద వచ్చాడు. రోడ్డుకు రెండువైపులా రాతి పలకలు నిలబెట్టి ఉన్నాయి. చెట్ల ఆకులమీద తెల్లటి దుమ్ము.

"అందరితో బాగనే మాట్లాడతాండాడు సార్" అన్నాడు మస్తాన్. "దేవుని మాటెత్తితేనే మూతి ముడుస్తాడు. కర్నూల్లో చంకకర్ర కొనిచ్చినా. దాన్ని మీ చెల్లెలు అంగీలు ఆరేసేదానికి వాడుతాండాది."

నిజమే. గోడకు ఆనించిన కర్రమీద తడి చొక్కా వేలాడుతోంది. ఏలియా గడపలో చాపమీద కూర్చుని నన్ను చూసి నవ్వాడు. ఆ రాత్రి ఊరి కబుర్లన్నీ అడిగాడు. మందిరం గురించి మాత్రం అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం నేనే మొదలుపెట్టాను. మా ప్రార్థనల్లో ముఖ్యమైనదాన్ని అమీదా అంటాం, అంటే నిలుచుని చేసేది. పాదాలు రెండూ జతచేసి, యెరూషలేము వైపు తిరిగి, రాజు ఎదుట నిలబడ్డట్టు నిలబడాలి. ముగిశాక వీపు చూపకుండా మూడడుగులు వెనక్కి వెయ్యాలి. నిలబడలేనివాడు కూర్చుని చెప్పుకోవచ్చని ధర్మం ఉంది. అదే చెప్పాను.

"అది నాకు తెల్సు బావా, నువ్వు నేర్పిందే" అన్నాడు ఏలియా. "అది ముసిలోళ్లకు, జరమొచ్చినోళ్లకు. కాళ్లు కలుపు, కాళ్లు కలుపు అని చిన్నప్పుడు శానా తూర్లు చెప్పినావు. ఇప్పుడు ఏ కాలితో ఏ కాలు కలపల్ల?"

"కలపకపోయినా ఆయన వింటాడు."

"కుంటి గొర్రెను బలిపీఠం కాడికి తేవద్దని గదా ధర్మశాస్త్రంలో ఉండేది? మా ఫ్యాక్టరీలోనూ అంతే. మూల పగిలిన పలకను ఇంట్లో ఎవరూ పరచరు, కాలవ మీద మూతకేస్తారు. నేను ఆయన ముందరికి పనికిరాను బావా. ఊరికే బతిమాలొద్దు."

ఆ మాట గొర్రెలకు చెప్పింది, మనుషులకు కాదు అన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఇన్నాళ్లూ అతను దేవుడి మీద అలిగాడని అనుకున్నాను. దేవుడే తనను తిరస్కరించాడని నమ్ముతున్నాడని అప్పుడు తెలిసింది.

మిర్యాము విశ్రాంతి దినం రొట్టెలకు గోధుమపిండి పిసుకుతోంది.

"అన్నా, అసలు కాళ్లెందుకు కలుపుతారు?"

"ప్రవక్త దర్శనంలో చూసిన దూతలకు రెండు కాళ్లూ కలిసి, తిన్నగా ఒక్కటే కాలున్నట్టు కనిపించిందట. మనమూ దేవుడి ఎదుట వాళ్లలా, ఒక్క కాలి మీద ఉన్నట్టు కనిపించాలని."

చెప్పి ఆగిపోయాను. ఎన్నో ఏళ్లుగా పిల్లలకు చెబుతున్న మాట. మిర్యాము పిండి చేతులతో అలాగే మొగుడి వైపు చూసింది.

"అట్లయితే మీరంతా రెండు పెట్టుకోని ఒకటని చూపించల్ల. ఈయనకు ఆ కష్టం లేదు గదా."

ఏలియా తన పాదం వైపు చూశాడు. మిర్యాము లేచి చేతులు కడుక్కుని, కర్రమీద చొక్కా తీసి దులిపి దండెం మీద వేసింది.

"పడితే?" అన్నాడు ఏలియా.

"వెనకాల నేనుంటాలే" అన్నాడు అప్పుడే వచ్చిన మస్తాన్.

పొద్దుగుంకక ముందే మిర్యాము దీపాలు వెలిగించి, చేతులతో కళ్లు మూసుకుంది. పడమటి ఆకాశంలో ఎరుపు ఆరిపోయింది. కర్రను చంకలో పెట్టుకుని ఏలియా లేచాడు. నాపరాయి నేలమీద ఒకే పాదం, తిన్నగా. పక్కన నేను నా రెండు పాదాలూ జతచేశాను. వినిపించింది నాకు తెలిసిన ఏలియా గొంతే. నా ప్రార్థన సగంలో ఆగిపోయింది. ఎంతోమందిని నిలబెట్టి నేర్పించాను గానీ, ఆ దర్శనానికి ఇంత దగ్గరగా ఎన్నడూ నిలబడలేదు.

చివర్లో అతను కర్ర ఆనించి మూడుసార్లు చిన్నగా వెనక్కి గెంతాడు. మస్తాన్ చేతులు చాచి ఉన్నాడు. ముట్టుకోవలసిన అవసరం రాలేదు.

"ఈ నేల జారుతాది బావా" అన్నాడు ఏలియా, చెమట తుడుచుకుంటూ. "పాలిష్ పట్టింది నేనే."

మిర్యాము నవ్వుతూ నవ్వుతూ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది.

ఆదివారం తిరుగుబండి ఎక్కాను. నంద్యాల దాటాక సాయంత్రపు ప్రార్థనకు వేళయింది. సీటున్నా లేచి, తలుపు దగ్గర యెరూషలేము ఉన్న పడమటికి తిరిగి నిలబడ్డాను. బండి ఊగినప్పుడల్లా నా పాదాలు విడిపోతున్నాయి. మళ్లీ కలుపుతున్నాను. అవి ఒకటిలా కనిపిస్తాయి, అంతే. బేతంచెర్లలో ఒకటిగా నిలిచినదాన్ని నేను చూశాను.

ముగించి వెనక్కి అడుగేస్తే ఎవరి కాలో తొక్కాను. మూటల మీద కూర్చున్న రైతు.

"ఏమప్పా, వెనక్కి నడుస్తాండావు?"

"క్షమించు పెద్దాయనా. రాజు ఎదుట నుంచి వస్తున్నాను. వీపు చూపకూడదు."

ఆయన తలుపు బయటికి తొంగి చూశాడు. సాయంత్రపు ఎండలో నల్లమల తప్ప ఏమీ లేదు. కాసేపు దాన్నే చూసి, మూట పక్కకు జరిపాడు.

"అట్లయితే ఇంకో అడుగు రా. చోటుండాది."