రెండోసారి పుట్టిన మా బావగారు

మొన్న జెండా పండుగనాడు మంచిర్యాల బడిలో మా బావగారికి శాలువా కప్పి, యుద్ధం గురించి నాలుగు మాటలు చెప్పమంటే, ఆయన మైకు దాకా వెళ్లి, పిల్లలకు దండం పెట్టి వచ్చి కూర్చున్నారు. గొప్పలు చెప్పుకోవడం ఆయనకు చేతకాదు. చెప్పడానికి నేనున్నాను కదా, ఆ ఇంటి చిన్న కోడలిని!

నేను కాపురానికి వచ్చిన ఏడాదే పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. గాయపడిన తోటి సిపాయిని భుజాన వేసుకుని వస్తూ, కాలికి గుండు తగిలి బావగారు శత్రువుల చేతికి చిక్కారన్న సంగతి మాకు చాలాకాలం తర్వాత గానీ తెలియలేదు. అప్పటికి తెలిసిందల్లా మనిషి జాడ లేదనే. ఆయన పటాలంలోనే ఉండే హుస్నాబాద్ అతను సెలవు మీద వచ్చి, బావగారితో ముందుకు వెళ్లిన గుంపులో ఎవరూ తిరిగి రాలేదని చెప్పేసరికి మా అత్త కుప్పకూలిపోయింది. కొడుకు ఆత్మ దిక్కులేక తిరుగుతుందేమోనని ఆమె బెంగ. కులపెద్దలూ అదే మాట అనడంతో, మోదుగాకులతో మనిషి బొమ్మ చేసి, గోదావరి ఒడ్డున కాల్చి, మా ఆయన చేత అన్నకు కర్మలు చేయించారు. బావగారి భార్య, నేను అక్కా అని పిలుచుకున్న మా పెద్ద తోడికోడలు మాత్రం మెడలో పుస్తె తీయనివ్వలేదు.

"ఆకులు కాలవెట్టి నా మనిషి సచ్చిండంటే నేనెట్ల నమ్మాలె? ఎవలన్న పుస్తె మీద చెయ్యేస్తే మంచిగుండది!" అని వాకిట్లో నిలబడి అరిచింది.

అమ్మో, ఆ తర్వాత ఆమె పడిన మాటలు పగవాళ్లకు కూడా వద్దు. పేరంటాలకు పిలుపు లేదు, ఎదురొస్తే ముఖం తిప్పుకునేవాళ్లు, అత్త కూడా మాట్లాడడం మానేసింది. అయినా పొద్దున్నే నిండుగా బొట్టు పెట్టుకునే బావికి వచ్చేది.

యుద్ధం ఆగి బందీలను విడిచిపెట్టాక, ఎండలు ముదరకముందే ఒకనాటి మధ్యాహ్నం బావగారు రైలు దిగి, కుంటుకుంటూ ఇంటికి వచ్చారు. సంతోషపడాల్సింది పోయి, పెద్దలు ఆయనను గడప బయటే ఆపారు. కర్మలు జరిగిన మనిషి మళ్లీ పుడితే గానీ ఇంట్లోకి రాకూడదట! తుపాకులకు ఎదురొడ్డిన మనిషి తల్లి తృప్తి కోసం కిక్కురుమనలేదు. పసిపిల్లాడికి పోసినట్టు నీళ్లు పోస్తే పోయించుకున్నారు, చీరతో కట్టిన తొట్టెలలో అంత మీసాలతో కూర్చున్నారు, తల్లి చెవిలో పేరు చెబితే బుద్ధిగా విన్నారు. నవ్వలేక, ఏడవలేక మా ప్రాణాలు పోయాయి. చివరికి పంతులు కొత్త పుస్తె పళ్లెంలో పెట్టి, పాతది తీసేసి భార్య మెడలో మళ్లీ కట్టమన్నాడు. అప్పుడు లేచారు బావగారు.

"నేను సచ్చిన్నని మీరన్నరు, అందుకే మీ కోసం మళ్ల పుట్టిన. గామె అన్లే కదా! గామె మెడలున్న పుస్తెను నేను ముట్ట," అని, అందరూ చూస్తుండగా అక్క చేయి పట్టుకుని లోపలికి నడిచారు. ఆలుమగలు నలుగురిలో పక్కపక్కన నిలబడడానికే సిగ్గుపడే రోజులవి.

ఇప్పుడు ఎంత దూరాన ఉన్న మనిషి జాడైనా ఫోనులో తెలిసిపోతోంది, మంచిదే. అంతగా ఎదురుచూడగల ఆడదాన్నీ, ఆ ఎదురుచూపు విలువ తెలిసిన మగవాణ్ణీ మాత్రం నేను మళ్లీ చూడలేదు. అక్క పోయినప్పుడు, ఆనవాయితీ ప్రకారం ఒంటి మీది బంగారంతో పాటు మెడలోని పుస్తె కూడా తీయడానికి ఆడవాళ్లు వస్తే, బావగారు అడ్డంగా కూర్చుని తీయనివ్వలేదు. దానితోనే ఆమెను సాగనంపాం.