అంగారకుడి మీద పెళ్లి మబ్బులు

మా రేపల్లె బడిలో ఎనిమిదో తరగతి చదివే షంషాద్ రేపు బాపట్ల సైన్సు ప్రదర్శనలో అంగారకుడి గురించి మాట్లాడాలి. అక్కడి ధూళి వల్ల పగటి ఆకాశం గోధుమరంగులో ఉంటుందని రాసుకుంది. అది చూపించడానికి వాళ్ల సైన్సు టీచర్ని నేను తెనాలి నెట్ సెంటర్లో గంటసేపు కూర్చుని, అంతరిక్ష సంస్థ వాళ్లు అందరికీ ఉచితంగా పెట్టిన ఫొటోల్లో ఒకటి సీడీలో ఎక్కించుకొచ్చాను.

ఆ సీడీ ఇచ్చిన ఫొటో స్టూడియోలో ఈ సాయంత్రం పెద్ద ప్రింటు చేతికొచ్చింది. నీలాకాశం, రెండు తెల్ల మబ్బులు.

"ఇదేంటి బాబాయ్?" అన్నాను స్టూడియో ఆయనతో.

"ఆకాశమంతా మట్టికొట్టుకుపోయి ఉందమ్మా. పెళ్లి ఫొటోలకి వేసే ఆకాశమే వేశా."

"అది అంగారకుడండీ."

"ఏదైతే ఏంటమ్మా, చూసేవాళ్లకి బాగుండాలి కదా."

మళ్లీ వేయడానికి రేపు మధ్యాహ్నం అవుతుందన్నాడు. మా బస్సేమో పొద్దున్నే. అసహ్యమేసింది. బడికెళ్లి హెడ్మాస్టరుగారికి చెబితే ఫొటో ఎత్తి చూసి, "ఇదే బాగుందిగా. ఆ ధూళి సంగతి తీసేయమనండి," అన్నారు.

అక్కడే ఉన్న షంషాద్ స్కేలు పెట్టి ఆ పేరా నీటుగా కొట్టేసింది.

రేపు జడ్జి ఆకాశం రంగు అడిగితే ఆ పిల్ల ఏం చెప్పాలంటారు?