చప్పట్ల నడుమ ఒక్క ఎరుపు

ముంబయి కామాటిపురలో పుట్టి, చీరలకు ఫాల్ కుట్టుకుంటూ యాభై దాటిన గంగాబాయి ఎవరితోనూ తగువుకు పోయే మనిషి కాదు. మాటలన్నీ మొగుడు సైదులుకే వదిలేసింది. ఒకే వరండా వెంట ఒంటిగది ఖోలీలు వరుసగా ఉండే వాళ్ల చాల్‌కు ఆయన కమిటీ పెద్ద. నోరు తెరిచాడంటే అవతలివాడికి సందివ్వడు.

ఆ సాయంత్రం ఆయన మరాఠీ చానెల్ చర్చలో కూర్చున్నాడు. పాత చాల్ కూల్చి కొత్త బిల్డింగ్ కట్టడం మీద చర్చ. ఖోలీల సొంతదారులు ఒప్పుకుంటూ సంతకాలు పెట్టేది మర్నాడే. చాల్ జనమంతా వరండాలో టీవీ ముందు చేరారు. కూతురు రుతుజ తన కాలేజీలో వాడే యాప్ ఒకటి అందరి ఫోన్లలో ఎక్కించింది. చర్చ చూస్తూ, జవాబు సూటిగా చెబితే ఆకుపచ్చ నొక్కాలి, దాటేస్తే ఎరుపు. ఎవరు నొక్కారో తెలియదు గానీ, ఏ మాట దగ్గర ఏ రంగు ఎంత పడిందో తర్వాత వీడియో కింద కనిపిస్తుంది.

"కిరాయికి ఉండేవాళ్లు ఎక్కడికి పోవాలి?" అని యాంకర్ అడిగింది.

"మా తాతలు రాళ్లు మోసి ఈ ముంబయిని కట్టారు!" అని గర్జించాడు సైదులు.

వరండా అంతా చప్పట్లు. మనవాడు టీవీలో గర్జిస్తుంటే ఎరుపు నొక్కే పాపిష్టి చెయ్యి ఎవరికుంటుంది? ఒకరికి ఉంది. అన్ని ఆకుపచ్చల్లో ఒక్క ఎరుపు పడింది.

సైదులు ఇంటికొచ్చి అది చూసి మండిపడ్డాడు. "ఎవరు నొక్కిండ్రు గిది?"

అందరి కళ్లూ భూదేవి మీదికి పోయాయి. మహబూబ్‌నగర్ నుంచి కూలికొచ్చి, మూల గదిలో కిరాయికుంటున్న పిల్ల. చంకలో బిడ్డను దగ్గరికి అదుముకుంది.

"నేను కాదన్నా. నా తాన ఫోనే లేదు."

ఎవరూ నమ్మలేదు. గంగాబాయి సూది చీరకు గుచ్చి లేచింది.

"నేనే నొక్కిన. ఆ టీవీ ఆమె ఏమడిగింది, నువ్వేం చెప్పినవ్?"

"నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తవా?"

"జవాబు చెప్పు."

సైదులు గొంతు తగ్గించాడు. "కిరాయోళ్లను గూడ కలిపితే మన ఖోలీలు చిన్నగయితయని బిల్డర్ అన్నడు. అందుకే కొత్త ఇండ్ల లిస్టుల నుంచి వాళ్లను తీసేసినం."

రుతుజ ఆ ముక్కే మళ్లీ వేసింది. ఈసారి చప్పట్లు లేవు. ఎరుపూ పడలేదు. ఫోన్లు ఒళ్లో పెట్టుకుని అందరూ నేల చూపులు చూశారు. తలుచుకుంటే, ఇది చెబుతున్న నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

"ఈ ఖోలీ మా అమ్మ నా పేరు మీద పెట్టింది," అంది గంగాబాయి. "రేపు నేను సంతకం పెట్ట."

"నువ్వొక్కదానివి పెట్టకుంటే ఆగుతదా?"

"ఆగదేమో. నేనైతే పెట్ట."

భూదేవి బిడ్డను కిందికి దించి, గంగాబాయి భుజం మీద పడి బోరున ఏడ్చింది. ఓదార్చడానికి ఇంకెవరూ లేవలేదు.