ఎల్లాజీ కుడి భుజం

కాలు నిలవని నేను కూడా శ్రీముఖలింగం వస్తే నాలుగు రోజులు ఆగిపోతాను. సాయంత్రం పూట వంశధార ఇసుకలో తప్పెటగుళ్ల సాధన జరుగుతుంది. తప్పెట గుండ్రటి రేకు వాయిద్యం. మెడకు తగిలించుకుంటే సరిగ్గా గుండె మీద ఆనుతుంది. కాళ్లకు గజ్జెలు కట్టి, గెంతుతూ పాడుతూ దాన్ని వాయిస్తారు. ఎన్నో రాష్ట్రాల డోళ్లు చూశాను, వాటి మీద పుస్తకాలూ చదివాను. ఏడ్చేటప్పుడు తప్ప మనిషి తన రొమ్ము మీద తానే కొట్టుకోవడం మాత్రం ఈ ఆటలోనే చూశాను. సరే, చెప్పవలసింది ఎల్లాజీ సంగతి.

ఎల్లాజీ వరి రైతు. ఆట చివర్లో ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి తప్పెట వాయిస్తారు. అందరికన్నా కింద మోసే చోటు వాళ్ల నాన్నది, ఆయన తరవాత ఎల్లాజీది. మోసేవాడు నా వల్ల కాదనడం ఆ గుంపులో ఎప్పుడూ లేదు. నిరుడు ధాన్యం బస్తా ఎత్తుతుంటే ఎల్లాజీ కుడి భుజం పట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. గుడి ముందు సిమెంటు నేల మీద, ఊరంతా చూస్తుండగా ఆ భుజం కుంగింది. పైనుంచి పడ్డది అక్క మొగుడు ఈశ్వర్. కాలు విరిగింది. "నా కాలే జారింది" అన్నాడు ఈశ్వర్. అందరూ నమ్మారు.

ఆ మాటే ఎల్లాజీని తినేసింది. వీధిలోంచి నడవడం మానేసి గట్ల మీదుగా పొలానికి పోయేవాడు. అక్క గడప తొక్కలేదు. అన్నం సయించదు, నిద్ర లేదు. భార్య దేముడమ్మ పెద్దాసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ మందులు రాసి, ఇదివరకు ఏం చేస్తే మనసు బాగుండేదని అడిగింది.

"తప్పెట కొట్టీవోడమ్మా. ఇప్పుడా మాటెత్తితే లేసి ఎలిపోతాడు" అంది దేముడమ్మ.

"అయితే మందులతోపాటు అదీ మొదలుపెట్టాలి."

ఆ సాయంత్రమే దేముడమ్మ అతన్ని ఇసుకలోకి లాక్కొచ్చింది. అతను గుంపుకు వీపు పెట్టి, నా పక్కన కూలబడ్డాడు. ఈశ్వర్ కర్ర పోటేసుకుంటూ వచ్చాడు.

"ఒరే, నాను సచ్చిపోనాననుకున్నావేటి? ఒక్కపాలైనా సూడ్డానికి రానేదు."

"మొకం సెల్లక, బావా."

"కాలిరిగింది నాకు కదరా, నీకేటి సిగ్గు?"

"నీ కాలు జారనేదు." ఎల్లాజీ ఇసుకతో మాట్లాడుతున్నట్టు అన్నాడు. "నా భుజం అప్పటికే బాగోనేదు. నాన్న సోటు ఇంకోడికిచ్చీడానికి సిగ్గేసి సెప్పనేదు."

తప్పెటలు ఆగిపోయాయి. ఈశ్వర్ మొహం నల్లబడింది.

"సెప్పుంటే నానెక్కుదునేటిరా? ఊడుపులప్పుడు మంచం మీదున్నాను. మీ అప్ప ఒక్కర్తీ సాకిరీ సెయ్యనేక సచ్చింది, ఆ సేలో."

"తప్పే, బావా."

"తప్పే మరి. నీ మీద ఇంక నానెక్కను." కర్రతో గుంపు చివర చూపించాడు. "ఎల్లి ఆ సివర కొత్తోళ్ల పక్కన నిలబడు. వాయించడానికి నీ మీద ఎవుడూ ఎక్కక్కర్నేదు కదా."

ఎల్లాజీ తప్పెట తగిలించుకుని కొత్తవాళ్ల పక్కన నిలబడ్డాడు. మొదటి దెబ్బలు తప్పాయి. "బాబాయికి మల్లా ఓనమాలు దిద్దించాల!" అని ఎవరో నవ్వారు. చెవులు ఎర్రబడ్డాయి కానీ చేతులు ఆపలేదు. అందరి దెబ్బా ఒకేసారి పడుతుంటే ఊపిరి కూడా అందరితోపాటే పీల్చుకోవాలి. అతను పీల్చుకున్నాడు.

నాలుగు రోజులనుకున్నవాణ్ని ఇంకా ఉండిపోయాను. "తింతన్నాడు, పడుకుంతన్నాడు. బావని సూస్తే తల మాత్రం దించీస్తాడు" అంది దేముడమ్మ.

ఒక సాయంత్రం, ఇప్పుడు కింద మోసే వినోద్ మెడ రుద్దుకుంటూ నిలబడ్డాడు. పైకెక్కేవాళ్లు సిద్ధమయ్యారు. చివర నుంచి ఎల్లాజీ వచ్చి వాళ్లకు అడ్డం నిలబడ్డాడు.

"ఈయేల ఎక్కకండి. ఆడి మెడ బాగోనేదు."

"నాకేటీ నేదు" అని కసిరాడు వినోద్.

"నానూ అలాగే అనుకున్నాన్రా."

అందరూ ఎల్లాజీని చూశారు. ఏ చూపు పడకూడదని ఏడాదిగా గట్ల వెంట తిరిగాడో ఆ చూపే. అతను మొహం తిప్పుకోలేదు. ఆ పూట నేల మీదే ఆడారు.